నాలుగు పీచులకు మా బావ వేసిన గ్రేడు

పెర్కిట్‌లో హైవే పక్కన మెడికల్ షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. నా పేరు దినకర్. నాకు కోపం ఎక్కువని ఊరంతా చెప్పుకుంటారు, చెప్పుకోనీయండి. "గా తెల్ల గోలి ఇయ్యి" అని వచ్చేవాడికి షాపులో ఉన్న మూడు వందల తెల్ల గోలీల్లో ఏది ఇవ్వాలో మీరు చెప్పండి, అప్పుడు నా కోపం సంగతి మాట్లాడుకుందాం. అయితే ఈ జన్మలో నాకు వచ్చిన కోపమంతా తక్కెట్లో ఒకవైపు వేసి, మా బావ లక్ష్మీనర్సయ్య మీద ఒక్క మార్చి నెలలో వచ్చిన కోపాన్ని రెండోవైపు వేస్తే, బావ వైపే మొగ్గుతుంది.

మా బావది ఆర్మూర్ యార్డులో పసుపు కమీషన్ దుకాణం. రైతు తెచ్చిన పసుపును కుప్ప పోయించి, గ్రేడు చెప్పి, కొనేవాళ్లకు అమ్మించడం ఆయన పని. అరవై మూడేళ్లు. తెల్ల లాల్చీ, భుజం మీద పసుపు మరకల రుమాలు, చెవుల నిండా వెంట్రుకలు. ఆ చెవులే ఆయన ఆస్తి. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఫట్‌మని విరుస్తాడు. ఆ చప్పుడు విని సరుకులో తేమ ఎంతుందో చెబుతాడు. ఎండుగా పలికితే నంబర్ వన్. కాస్త మెత్తగా పలికితే రెండు. కొమ్ము విరగకుండా వంగిందంటే కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపుతాడు, రైతు అక్కడే కూలబడతాడు.

గ్రేడు ఒకసారి చెప్పాడంటే ఇక అంతే. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మాట వెనక్కి తీసుకోలేదు. తేమ చూసే మిషను దుకాణానికి ఒకటి తెప్పించాడు. మొదటిరోజే మిషను పన్నెండు అంది, బావ పది అన్నాడు. బావ దానివైపు జాలిగా చూసి, "పాపం, కొత్తగదా, నేర్చుకుంటది," అని వారం గడువిచ్చాడు. వారం తర్వాత కూడా అది నేర్చుకోలేదు. అమ్మినవాడికే వాపసు పంపించాడు. ఇంకోసారి నంబర్ వన్ అని చెప్పిన కుప్ప మీద అరగంటలో వాన కొట్టింది. పసుపులోంచి నీళ్లు కారుతున్నాయి. సేటూ, జర మళ్ల చూడుండ్రి అని అందరూ బతిమాలారు. "నేను చెప్పినప్పుడు ఎండుగనే ఉండె. తర్వాత తడిస్తే గది వాన తప్పు," అన్నాడు. గ్రేడు మారలేదు.

అట్లాంటి మనిషికి మా అక్క భాగ్యవతిని ఇచ్చి నలభై ఏళ్లయింది. ఈ నలభై ఏళ్లలో అక్క వంట బాగుందని గానీ, అక్క కట్టుకున్న చీరె బాగుందని గానీ ఆయన నోట ఒక్క మాట రాలేదు. తిట్టిందీ లేదు. ఆయన మెప్పంతా పసుపుకే ఖర్చయిపోయేది. అక్క మాత్రం మాటల మనిషి, తిండి మనిషి. సర్వపిండి చేస్తే మొదటిది పొయ్యి దగ్గరే నిలబడి, వేళ్లు కాల్చుకుంటూ తినేసేది. పెళ్లిళ్లకు పోతే తన ఆకులో బూరెల వైపు చూడొద్దని నాకు ముందే కళ్లతో సైగ చేసేది.

ఆ అక్క తినడం మానేసింది. కడుపు కదలదు. మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి, అదీ ఏడ్చుకుంటూ. తింటే నొప్పి కాబట్టి తినదు, తినదు కాబట్టి ఇంకా కదలదు. ఎవరితో చెప్పుకుంటుంది? ఫోన్ చేసి నాకే చెప్పేది, అదీ గుసగుసగా. "తమ్మీ, గా బండి ఇయ్యాల గూడ కదల్లే." రెండేళ్లుగా ఆ బండి సంగతి విని, ఏదో ఒక మందు పంపించి, నా పని అయిపోయిందనుకున్నాను. మొన్న ఫిబ్రవరిలో అక్క చేతి గాజులు మోచేతి దాకా జారడం చూశాక నాకు భయమేసింది.

నిజామాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిన జబ్బేమీ కనపడలేదంది. తిండిలో పీచు లేదు, నీళ్లు తాగదు, నడక అసలే లేదు. "పీచుల్లో చాలా రకాలున్నాయి. అందరి కడుపుకూ ఒకే రకం పడదు. ఒక్కో రకం రెండు వారాలు, కొద్దికొద్దిగా మొదలుపెట్టి చూడండి. నీళ్లు మాత్రం బాగా తాగాలి," అంది. ఒక కాగితం కూడా చేతిలో పెట్టింది. పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక ఎట్లా ఉందో చూసుకోవడానికి ఏడు బొమ్మలు, ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు. ఒకటో బొమ్మ మేక పెంటికల్లా గట్టి ఉండలు. ఏడోది ఉత్త నీళ్లు. మూడు, నాలుగు వస్తే కడుపు బాగున్నట్టు. నెలన్నరలో బరువు పెరగకపోతే మళ్లీ రమ్మని, ఇంకా లోతుగా చూడాల్సి వస్తుందని చెప్పింది.

అక్క సిగ్గుతో కాగితం వైపు చూడనే లేదు. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తమ్మీ, నాకు మళ్ల ఆకలైతదా?" అని అడిగింది. అయితది అక్కా, నేను చూసుకుంట అన్నాను.

చూసుకున్నాను. ఇంటికి పోయి, ఆ కాగితం తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాను. నాదీ ఒక తెలివే.

"ఒక్కో రకం రెండు వారాలా?" అన్నాడు బావ. "శాంపిల్ చూడకుంట సరుకు ఎవడన్న ఇంట్లకు తెస్తడా? అన్నీ యార్డుకు పట్టుకరా. ఒక్కసారే పరీక్ష చేద్దాం. గెలిచిన సరుకే మీ అక్కకు."

పిచ్చోణ్ణి, మురిసిపోయాను. అక్క కోసం బావ చొరవ తీసుకోవడం అదే మొదటిసారి కదా అని.

మర్నాడు పొద్దున దుకాణం ముందున్న గద్దె మీద గన్నీ బస్తాలు పరిచి నాలుగు కుప్పలు పోయించాడు. ఒక్కో కుప్పలో ఒక లాట్ చీటీ గుచ్చాడు. ఏడు బొమ్మల కాగితం గోడకు అంటించాడు. హమాలీలు, పసుపు ఏరే ఆడవాళ్లు చుట్టూ మూగారు. "చెప్పు బామ్మర్దీ, ఏది ఏ ఊరి సరుకు?" అన్నాడు. అడిగితే చెప్పకుండా ఉండలేను, అది నా రోగం.

మొదటిది ఇసబ్గోల్ పొట్టు. గుజరాత్, రాజస్థాన్ వైపు పండుతుంది. నీళ్లు తగిలితే ఉబ్బి జిగురై, లోపలున్నదాన్ని మెత్తబరిచి ముందుకు తోస్తుంది. నీళ్లు చాలకపోతే మాత్రం అదే గడ్డ కడుతుంది, గొంతులో కూడా పట్టేస్తుంది. రెండోది ఇనులిన్. చికోరీ వేరు నుంచి తీస్తారు, మన ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో కూడా ఉంటుంది. కాస్త తియ్యగా ఉంటుంది. పేగుల్లో ఉండే మంచి క్రిములకు అదంటే ప్రాణం, ఎగబడి తింటాయి, అందుకే గ్యాసు కూడా జోరుగా పుడుతుంది. మూడోది గోరుచిక్కుడు గింజ నుంచి తీసిన జిగురు, దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విరిచిన రకం. నీళ్లలో వేస్తే వేసినట్టే తెలియదు. క్రిములు నిదానంగా తింటాయి, గ్యాసు తక్కువ. నాలుగోది పొట్లం సరుకు కాదు, రాత్రి వండి చల్లార్చిన అన్నం. అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగకుండా మొండికేసి పెద్దపేగు దాకా పోతుంది, అక్కడ అది కూడా క్రిములకే తిండి.

"ఇసబ్గోలు తోసుడు ఎక్కువ, క్రిములకు పెట్టుడు తక్కువ. కడమ మూడు క్రిములకు తిండి. గిట్ల మంచి క్రిములను సాదే పీచునే ప్రీబయోటిక్ అంటరు," అని ముగించాను.

హమాలీల మేస్త్రి లింగన్న తల గోక్కున్నాడు. "అంటే కడుపుల గూడ హమాలీలుంటరా సార్?"

"ఉంటరు."

"ఆళ్లకు తిండి పెట్టకుంటే సరుకు కదలదు?"

"కదలదు."

"గీ ముచ్చట మా సేటుకు జర గట్టిగ చెప్పుండ్రి," అన్నాడు. హమాలీలందరూ నవ్వారు, బావ నవ్వలేదు.

బావ మనుషులను పంచాడు. ఇసబ్గోల్ లింగన్నకు. ఇనులిన్ తనకు. గోరుచిక్కుడు జిగురు నాకు. చల్లన్నం వెంకవ్వకు. వెంకవ్వ పసుపు ఏరడంలో అందరికన్నా పాత మనిషి, బావ కూడా ఆమె నోటికి భయపడతాడు. "నేను పుట్టినకాంచి సద్దన్నమే తింటున్న. గిండ్ల పరీచ్చ ఏమున్నది సేటూ?" అంది. "నువ్వు పాత స్టాకు. కొత్తదాంతోని పోల్చి చూడాల్నంటె పాతది ఉండాలె," అన్నాడు బావ. నిజం చెప్పొద్దూ, పెద్ద పెద్ద కంపెనీలు చేసేదీ అదే. నాకు ఒక్క క్షణం బావ మీద గౌరవం కలిగింది.

రెండు షరతులు పెట్టాడు. మొదటిది, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఎవరి బొమ్మ నంబరు వాళ్లు చెప్పాలి. నలుగురిలో ఎట్లా చెబుతాం? దానికీ ఉపాయం ఉంది. పాతకాలంలో యార్డులో రుమాలు బేరం నడిచేది. కొనేవాడూ అమ్మేవాడూ రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు, పక్కవాడికి తెలిసేది కాదు. ధరలు కంప్యూటర్లో వేయడం మొదలయ్యాక ఆ రుమాలు బావ భుజం మీద ఊరికే పడి ఉంది. దాన్ని తీసి దులిపాడు. ఇక చూడండి మా బతుకు. రోజూ పొద్దున వరసలో నిలబడి, ఒక్కొక్కరం రుమాలు కింద చెయ్యి పెట్టి, బావ వేళ్లు నొక్కి మా కడుపు సంగతి విన్నవించుకోవాలి. నేను ఫార్మసీ చదివినవాణ్ణి. యాభై రెండేళ్ల వయసులో నడి యార్డులో బావ చెయ్యి పట్టుకుని, నాలుగు వేళ్లు నొక్కి, తల దించుకుని పక్కకు జరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో షరతు నా చెవిన సగమే పడింది. "సరుకుకు నీళ్లు కలపద్దు. నీళ్లు కలిసినయంటే లాట్ క్యాన్సిల్," అన్నాడు. తూకం పెరగాలని పసుపు మీద నీళ్లు చల్లడం యార్డులో అన్నిటికన్నా పెద్ద దొంగతనం. రోజుకు పదిసార్లు అనే మాటే కదా, పసుపు గురించేమో అనుకున్నాను. నా జిగురు నేను ఇంట్లో పెద్ద గ్లాసు నీళ్లలో కలుపుకుని హాయిగా తాగాను.

మూడో రోజుకే గొడవ మొదలైంది. ఇనులిన్ ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టమని నేను చెప్పాను. శాంపిలంటే గుప్పెడుండాలని బావ గుప్పెడే వేసుకున్నాడు. ఆ పొద్దున సిరికొండ రైతు ఎల్లయ్య పసుపు కుప్ప ముందు కొనేవాళ్లంతా నిలబడ్డారు. బావ కొమ్ము తీశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. కొమ్ము చెవి దగ్గర పెట్టి విరిచాడు. సరిగ్గా అప్పుడే, ఎక్కడో దూరంగా లారీ గేరు మార్చినట్టు, గుర్ర్‌మని ఒక పొడుగాటి చప్పుడు వచ్చింది.

కొనేవాళ్లు మొహాలు చూసుకున్నారు. "సేటూ, సరుకు మస్తు పచ్చిగున్నట్టున్నది," అన్నాడొకడు.

ఎల్లయ్య గుండె బాదుకున్నాడు. "నెల రోజులు ఎండబోసిన బాంచెన్! గిట్ల పలుకుడేంది!"

బావ మొహం ఎర్రబడింది. ఇంకో కొమ్ము విరిచాడు. మళ్లీ గుర్ర్. ఇంకోటి. ఈసారి చప్పుడు మెట్లు దిగుతున్నట్టు కిందికి దిగి, చివర్లో ఒక ప్రశ్న అడిగినట్టు ఆగింది. చివరికి బావ గొంతు సవరించుకుని, "గది సరుకు కాదు. గది నేను," అన్నాడు. ఎల్లయ్య పసుపుకు నంబర్ వన్ వచ్చింది. ఆ మిగిలిన రోజులన్నీ బావ కొమ్ము విరవడానికి ముందు పొట్ట మీద చెయ్యి వేసి, కాసేపు ఆగి, అది ఊరుకున్నాక విరిచేవాడు.

పదిహేనో రోజు గద్దె ఎక్కి ఫలితం చెప్పాడు. "ఇనులిన్, మోత ఎక్కువ, రద్దు. గోరుచిక్కుడు, తేమ ఉన్నది, మధ్య రకం. సద్దన్నం, గదీ మధ్య రకమే. ఇసబ్గోలు, పన్నెండు రోజులు వరుసగ నంబర్ వన్!"

అందరూ చప్పట్లు కొట్టారు. లింగన్న మాత్రం గెలిచినవాడిలా లేడు, ఒక తొడ మీదే బరువు వేసి కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. నేను చూశాను గానీ పట్టించుకోలేదు. నా మంట నాది. రోజూ కడుపు ఖాళీగా, తేలిగ్గా ఉండి, పదిహేను రోజులు నాలుగు వేళ్లు నొక్కిన నాకు మధ్య రకమా? పైగా ఆ జిగురు పొట్లాలు షాపులో రెండు పెట్టెలున్నాయి. ఇసబ్గోలూ మంచిదే కదా, నీళ్లతో వేసుకుంటే అక్కకు పనిచేస్తుంది కదా అని నాకు నేనే చెప్పుకుని, మూతి ముడుచుకుని వచ్చేశాను. పది రోజులు అటువైపు పోలేదు. ఆ పది రోజులకు నన్ను నేను ఎంత తిట్టుకున్నా సరిపోదు.

పదో రోజు కూడా అక్క ఫోన్ రాలేదేమిటా అని వెళ్లాను. అక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన స్టూలు మీద మూత పెట్టిన పళ్లెం. మూత తీస్తే రొట్టె ముక్క కూడా విరగలేదు, పప్పు మీద పొర కట్టింది. పొట్ట మీద చెయ్యి వేయబోతే అమ్మా అని ముడుచుకుపోయింది.

"ఎన్ని రోజులాయె అక్కా తినక?"

"నిన్న పొద్దుగాలటి నుంచి. అంతకుముందు జర జర తిన్న."

"నాకు ఫోన్ చెయ్యొద్దా?"

"ఏమని చెయ్యాలె? మంచిగనే అయితున్నది గద."

"ఏం మంచిగ?" అని అరిచాను.

అక్క ఇటు తిరిగింది. పీక్కుపోయిన మొహంలో ఏదో వెలుగు. కొంగు చాటునుంచి ఒక్క వేలు చూపించింది. "నంబర్ వన్ తమ్మీ. వచ్చిన మూడుసార్లూ ఒకటే. ప్రాణం పోయినంత పనైతున్నది గని, ఒకటే. మీ బావ పొద్దుగాల రుమాలు పట్టుకొచ్చి ముంగట కూసుంటడు. నేను వేలు నొక్కంగనే శాబాష్ భాగ్యా అంటడు." వేలు మడిచి కొంగు కింద దాచుకుంది. "నలబై ఏండ్లల్ల నన్నెప్పుడన్న శాబాష్ అన్నడా? అందుకే నొప్పి అని చెప్పబుద్ధి కాలే."

అప్పుడు తట్టింది. ఎండు సరుకు. నంబర్ వన్. ఒకటో బొమ్మ, గట్టి ఉండలు, తేమ చుక్క లేదు. ఈ మహానుభావుడు ఏడు బొమ్మల కాగితాన్ని పసుపు గ్రేడు అనుకుని చదివాడు!

"నీళ్లు ఎన్ని తాగుతున్నవ్?"

"నీళ్లా? సరుకుకు నీళ్లు తగలద్దన్నడు గద. చాయతోని మింగుతున్న."

ముందు అక్కకు గోరువెచ్చటి నీళ్లు గుక్కగుక్కగా తాగించి, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పొట్టు వెంటనే ఆపమంది, మందు చెప్పింది, రేపటికి కదలకపోతే తీసుకొచ్చి చేర్చమంది. ఆ మందు వేయించి, బండి తీసి యార్డుకు పోయాను. దారిలో ఎవరెవరికి అడ్డమొచ్చానో తెలియదు.

లింగన్న గేటు దగ్గరే దొరికాడు. "నువ్వు గూడ నీళ్లు తాగలేదా?" అన్నాను. "సేటు వద్దన్నడు సార్. ఇంత చాయ పోసుకుని మింగిన. పన్నెండు రోజులు నెత్తి మీద ఒక బస్తా, కడుపుల ఒక బస్తా మోసిన," అన్నాడు. మరి రుమాలు కింద ఆ ముక్క చెప్పలేకపోయావా అంటే, "రుమాలు కింద నంబరే అడుగుతరు గద సార్, బాధ అడగరు," అన్నాడు.

బావ దుకాణంలో బొమ్మల కాగితం కిందే కూర్చుని ఉన్నాడు. కోపం పట్టలేక నిలబడే చెప్పాను. మూడు, నాలుగు వస్తే కడుపు మంచిగున్నట్టు. ఒకటి వచ్చిందంటే లోపల బండ కట్టినట్టు. మీరు మొత్తం తలకిందులు చేసిండ్రు.

"ఒకటి చెడ్డదెట్లయితది?" అన్నాడు బావ. "ఒకటి ఒకటే గద. ఎండు సరుకు."

"కడుపు పసుపు కుప్ప కాదు బావా!"

బావ లేచి కాగితం దగ్గరికి పోయాడు. చాలాసేపు చూశాడు. కాగితాన్ని గోడ మీదనుంచి ఊడదీసి, తలకిందులు పట్టుకుని చూశాడు. "గిట్ల అంటిస్తే సరిపోతదేమో," అన్నాడు మెల్లగా. "కాగితం అచ్చేసినోడు తప్పేసిండని చెబుదాం."

"అంటించుండ్రి. ఏడు నంబర్లు మార్చుండ్రి. లోకంల ఉన్న కాగితాలన్నీ వాపసు పంపుండ్రి. మా అక్క నిన్న పొద్దుగాలటి నుంచి మెతుకు ముట్టలే. నొప్పి పెడితే ఎందుకు చెప్పలేదో తెలుసా? మీరు శాబాష్ అన్నరని!"

బావ చేతిలో కాగితం ఆగిపోయింది. అలవాటుగా పక్కనున్న కుప్పలోంచి ఒక కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. విరవలేదు. తిరిగి కుప్పలోనే పెట్టి, చెప్పులు విడిచి, గద్దె ఎక్కాడు.

అది సరుకు చూసే వేళ. రైతులు, కొనేవాళ్లు, హమాలీలు అంతా అక్కడే ఉన్నారు. బావ గొంతు ఎప్పుడూ యార్డు గేటు దాకా వినపడుతుంది, ఆరోజు ముందు వరసకే వినపడింది. "ఇసబ్గోలుకు నేనేసిన గ్రేడు తప్పు. నాలుగు లాట్లకు గూడ తప్పే. నీళ్లొద్దన్నది గూడ తప్పే. లింగన్నా, నన్ను మాఫ్ చెయ్యి. నా మాట నేను వాపసు తీసుకుంటున్న."

జనంలోంచి ఎల్లయ్య చెయ్యెత్తాడు. "సేటూ, గట్లయితే వానలు పడ్డ ఏడాది నా పసుపుకు రెండో నంబరేసిండ్రు. గది గూడ మళ్ల చూస్తరా?"

అంతే. కట్ట తెగింది. నాది పోయినేడు, నాది పద్నాలుగేళ్ల కింద అంటూ రైతులు గద్దె చుట్టూ మూగారు. ఒకాయన తండ్రి చనిపోయి పదేళ్లయింది, ఆ తండ్రి అమ్మిన పసుపు గ్రేడు సరిచేయమంటాడు. పసుపు ఎక్కడుందయ్యా అంటే ఏ ఊరి కూరలోనో కలిసిపోయిందట, అయినా సరే న్యాయం న్యాయమే అంటాడు. వెంకవ్వ వరసలో అందరికన్నా ముందు నిలబడి, "నన్ను పాత స్టాకన్నరు, గది గూడ వాపసు తీసుకోవాలె," అంది. ముప్పై ఎనిమిదేళ్ల పరువు నా కళ్ల ముందే అట్లా పోయింది. కోపంతో వచ్చిన నాకే జాలేసింది.

బావ వెంకవ్వకు దండం పెట్టాడు. "చూస్త. అందరియి వింట. ఇయ్యాల మాత్రం జర ఇంటికి పోనియ్యుండ్రి," అని దిగాడు. నడి సీజన్‌లో, పదకొండు గంటల వేళ మా బావ యార్డు విడిచి ఇంటికి పోవడం ఆరోజే చూశాను.

ఇంట్లో చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి, ఏది ఎక్కడుందో తెలియక అన్నీ కిందా మీదా చేసి, చివరికి ఒక చెంబు నీళ్లతో వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"భాగ్యా, నేనేసిన నంబరు తప్పు. ఒకటి మంచిది కాదంట. నువ్వు గింత బాధ పడుతున్నవని నాకు తెల్వదు. నేను అడగలే."

అక్క ఆయన వైపు చూసింది. చెంబు అందుకోలేదు. "యార్డుల గూడ చెప్పిండ్రా తప్పని?"

"చెప్పిన. అందరి ముంగట."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "గట్లయితే గా శాబాష్ గూడ తప్పేనా?" అంది.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బావది మెప్పు మాటలు వాడని నోరు, ఎంత వెతుక్కుందో పాపం. "కాదు," అన్నాడు. "నంబరు తప్పు. శాబాష్ తప్పు కాదు. గది నలబై ఏండ్ల కిందనే అనాల్సింది. నాకు నోరు రాలే."

అక్క లేచి కూర్చుని, చెంబెడు నీళ్లూ తాగి, ఖాళీ చెంబు ఆయన చేతిలో పెట్టి, "ఇంకిన్ని తీస్కరాండ్రి," అంది.

మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసింది, బండి కదిలిందని. రెండు రోజులాగి, డాక్టరమ్మను అడిగాకే గోరుచిక్కుడు జిగురు మొదలుపెట్టాం. అర చెంచాతో, పెద్ద గ్లాసు నీళ్లలో. అది అక్కకు పడింది. మీకు పడుతుందని నేను చెప్పను, మీ కడుపు సంగతి మీ డాక్టరును అడగండి, నా షాపుకొచ్చి తెల్ల పొట్లం ఇమ్మనకండి. సాయంత్రాలు బావ, అక్క హైవే పక్కన నడుస్తున్నారు. ముందు బావ, పది అడుగుల వెనక అక్క, ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు గానీ ప్రతి పది నిమిషాలకూ బావ ఆగి వెనక్కి తిరిగి నీళ్ల సీసా ఇస్తాడు.

జిగురు మొదలుపెట్టిన పదకొండో రోజు మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే భోజనానికి కూర్చున్నాను. ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం, అదీ కొత్తే. అక్క రెండు జొన్నరొట్టెలు తింది. పళ్లెంలో మిగిలిన పప్పు వేలితో నాకి, రొట్టెల గిన్నె వైపు చెయ్యి చాపింది. గిన్నె ఖాళీ. అక్క చెయ్యి అక్కడే ఆగింది.

బావ తన పళ్లెంలో ఉన్న రొట్టె తీసి అక్క పళ్లెంలో వేశాడు. అక్క వద్దనలేదు.